పిన్ని భూగోళం చుట్టి వచ్చింది

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ఓ లెక్క వేశాను. పిన్ని ఇంటి నుంచి డయాలసిస్ సెంటర్‌కి 70 కిలోమీటర్లు, రానూపోనూ 140. వారానికి రెండుసార్లు, అంటే 280. ఇలా తిరగబట్టి మూడేళ్లు కావస్తోంది. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లట. ఆ లెక్కన పిన్ని ఈపాటికి భూగోళాన్ని ఒకసారి పూర్తిగా చుట్టేసి రెండో చుట్టు మొదలుపెట్టింది. పొద్దున ఫోన్ చేసి ఈ మాట చెబితే "చుట్టితే చుట్టాను గానీ, నాకు కనబడిందల్లా బస్సు కిటికీయేరా" అంది.

నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ లెక్కలో ఇంకోటి తట్టింది. డాక్టర్ రాసింది వారానికి మూడు. మేం వెళ్తున్నది రెండు. మరి ఆ మూడోది ఏమైందంటే, దాన్ని రోడ్డు మింగేసింది.

డయాలసిస్ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. కిడ్నీలు మానేసిన పని మెషిన్ చేస్తుంది, ఒంట్లో చేరిన నీళ్లనీ మలినాలనీ లాగేస్తుంది, ఒకసారికి దాదాపు 4 గంటలు పడుతుంది. నాలుగు గంటలే కదా అని మేమూ అనుకున్నాం మొదట్లో. మొదటి షిఫ్టు ఏడింటికి. దానికి అందాలంటే మూడున్నరకి లేవాలి, నాలుగుంపావు బస్సెక్కాలి, మధ్యలో ఒకచోట దిగి ఇంకో బస్సు మారాలి, అది తప్పిపోతే మధ్యాహ్నం షిఫ్టే, ఇల్లు చేరేసరికి రాత్రి. వెళ్లగానే బరువు చూస్తారు. పోయినసారికీ ఇప్పటికీ మధ్య పెరిగిన బరువంతా దాదాపు ఒంట్లో నిలిచిపోయిన నీరే, అందుకని ఆ మెషిన్ మీద అంకెలు ఆగేదాకా పిన్ని ఊపిరి బిగబట్టి నిలబడుతుంది, పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చే రోజు పిల్లలు నిలబడ్డట్టు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే చిన్న ఆపరేషన్ చేసి అక్కడి ధమనినీ సిరనీ కలిపారు. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల తేనెటీగ ఇరుక్కున్నట్టు జుమ్మంటూ ఉంటుంది. ఆ జుమ్ము ఆగితే వెంటనే రావాలని చెప్పారు కాబట్టి నిద్రలో కూడా ఆవిడ కుడిచెయ్యి దాని మీదే.

రెండు లావు సూదులు. నాలుగు గంటలు. అయ్యేసరికి ఒక్కోసారి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మాట్లాడే ఓపిక ఉండదు. ఆ స్థితిలో మళ్లీ 70 కిలోమీటర్లు, మళ్లీ రెండు బస్సులు. వచ్చి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి గానీ మామూలు మనిషి కాదు. తోడు ఒకరు ఉండాల్సిందే, బాబాయి వెళ్తే ఆయన కూలి పోతుంది, నేను వెళ్తే నా సెలవు పోతుంది. వైద్యం ఉచితమే, అది కాదంటే నా నోరు పడిపోతుంది. కానీ దారి ఉచితం కాదు కదా.

"వారానికి రెండు సరిపోవా సార్" అని డాక్టర్ని అడిగాం. సరిపోతాయని అనలేదాయన, ఇక రావద్దనీ అనలేదు. కాసేపు పేపర్ల వంక చూసి "మూడు చేయించుకుంటే మంచిదమ్మా" అన్నాడు. ఎందుకంటే రెండు సిట్టింగుల మధ్య ఎడం పెరిగేకొద్దీ గుండె మీద భారం పడుతుంది. అమెరికాలో వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లలోనే, వారంలో ఒకసారి తప్పనిసరిగా వచ్చే రెండు రోజుల ఖాళీ తర్వాత మరణాలు ఎక్కువగా ఉంటున్నాయని 2011లో ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. మధ్యలో గురువారం మానేశాం కాబట్టి మనవి మంగళవారం, శనివారం. అంటే ఒకసారి రెండు రోజుల ఖాళీ, ఒకసారి మూడు రోజులు. శుక్రవారం సాయంత్రానికి పిన్నికి ఆయాసం మొదలవుతుంది, రెండు దిండ్లు వేసుకుని కూర్చునే నిద్రపోతుంది.

ఇదంతా విన్నాక ఎవరైనా అడిగేదే: ఇంకా దగ్గర్లో లేదా? ఉంది. 12 కిలోమీటర్ల దూరంలోనే ఉంది!

అక్కడి ఆస్పత్రికి ఏడాది దాటింది మెషిన్లు వచ్చి. గోడకి బోర్డుంది, ఏసీ ఉంది, మంచాలున్నాయి. నేను వెళ్లిన రోజు గది తాళం తీయించి చూశాను. మెషిన్ల మీద వచ్చినప్పటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి, ఒకదాని మీద ఎవరో వేలితో దుమ్ములో పేరు రాసుకున్నారు. తాళం తీసినాయన "మెషిన్లు వచ్చాయండి, మనిషి రాలేదు" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అటూ ఇటూ అడిగితే తెలిసిందేమిటంటే, మనిషి కూడా వచ్చాడు. టెక్నీషియన్‌ని వేశారు, కొన్నాళ్లు ఉన్నాడు, ఆ తర్వాత డిప్యుటేషన్ మీద వేరే సెంటర్‌కి పంపేశారు, అక్కడ రద్దీ ఎక్కువని. ఏ సెంటర్ అనుకున్నారు? మేం 70 కిలోమీటర్లు పోయే సెంటర్‌కే. పిన్నికి సూదులు గుచ్చే అబ్బాయి మా దగ్గరి ఆస్పత్రికి వేసిన అబ్బాయే.

అక్కడ రద్దీ ఎందుకు ఎక్కువంటే, మాలాంటివాళ్లం ఇక్కడ దొరక్క అక్కడికి పోతున్నాం కాబట్టి. మేం పోతున్నాం కాబట్టి ఇక్కడి మనిషిని అక్కడికి పంపారు. అతను వెళ్లిపోయాడు కాబట్టి మేం పోతున్నాం. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు, నిజం చెప్తున్నా. ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టినాయన చూసింది రిజిస్టర్లే అయితే, ఒకచోట రోజుకి ఇంతమంది, ఇంకోచోట సున్నా, సున్నా ఉన్నచోటి నుంచి తీసి జనం ఉన్నచోట వేశాడు, ఆయన దగ్గరున్న కాగితం ప్రకారం అది తెలివైన పనే.

తప్పు ఆ కాగితంలోనే ఉంది. వచ్చినవాళ్లే అందులో ఉంటారు. రానివాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టర్ ఏ ఆస్పత్రిలోనూ ఉండదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 19వ శతాబ్దంలో అమెరికాలోని మాసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టర్ మానసిక రోగుల ఆస్పత్రుల లెక్కలు తీసి చూస్తే, ఆస్పత్రికి దగ్గరున్న ప్రాంతాల నుంచి ఎక్కువమంది, దూరం పెరిగేకొద్దీ తక్కువమంది వస్తున్నట్టు తేలింది. ఆస్పత్రి పక్కనే ఉంటే జనానికి పిచ్చి ఎక్కువ పడుతుందా? పట్టదు కదా. దూరంగా ఉన్నవాళ్లలోనూ రోగులున్నారు, రాలేకపోయారంతే. ఇప్పటికీ మనం "అక్కడ కేసులు లేవండి, సెంటర్ పెట్టినా దండగ" అంటూనే ఉన్నాం. సెంటర్ లేదు కాబట్టే కేసులు లేవు.

వేల్స్‌లో బొగ్గు గనుల పల్లెలో ప్రాక్టీసు చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ 1971లో లాన్సెట్ పత్రికలో ఈ మాటే ఇంకాస్త ఘాటుగా రాశాడు. మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువగా దొరుకుతుంది, వైద్యాన్ని మార్కెట్‌కి వదిలేసేకొద్దీ ఇది ముదురుతుంది అని ఆయన వాదన. మన టెక్నీషియన్ కథలో మార్కెట్ కూడా లేదు చూడండి, అంతా సర్కారే, అయినా నీళ్లు పల్లానికి పారినట్టు మనుషులు పెద్దాస్పత్రి వైపే జారిపోయారు.

ఇక మ్యాపుల సంగతి. 2020లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రపంచం మొత్తానికీ ఒక మ్యాప్ వేశారు, ఎవరికి ఎంతసేపట్లో ఆస్పత్రో క్లినిక్కో అందుతుందని. బండి ఉన్నా కూడా గంటలోపు చేరలేనివాళ్లు జనాభాలో 8.9 శాతం, అంటే దాదాపు 65 కోట్లమంది. బండి లేక నడిచే వెళ్లాలంటే గంటలోపు చేరలేనివాళ్లు 43.3 శాతం, 316 కోట్లు. బండి ఉండటానికీ లేకపోవటానికీ మధ్య 250 కోట్లమంది ఉన్నారన్నమాట. నాకు ఆ మ్యాప్ బాగా నచ్చింది, కిలోమీటర్లు మానేసి గంటల్లో కొలిచారు. అయితే అందులో ఆస్పత్రి అంటే బిల్డింగే, లోపల ఏం చేస్తారో ఆ మ్యాప్ చూడదు. ప్లాస్టిక్ కవర్లు తీయని ఆస్పత్రి కూడా అలాంటి మ్యాప్ మీద చక్కగా ఒక చుక్క. ఆ చుక్క ప్రకారం పిన్నికి దూరం 12 కిలోమీటర్లే, ఏ లోటూ లేదు.

మన దేశంలో నిబంధనలు కూడా తలల్ని లెక్కపెట్టేవే. మైదాన ప్రాంతంలో 5,000 మందికో సబ్‌సెంటర్, 30,000 మందికో పీహెచ్‌సీ, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000కి ఒకటి, 20,000కి ఒకటి. కొండల్లో తగ్గించారు, మంచిదే. కానీ 20,000 మంది ఒక్కచోట ఉంటే అది ఒక చిన్న టౌను, నాలుగు కొండల మీద చెల్లాచెదురుగా ఉంటే వాగు దాటి, గుట్ట ఎక్కి, మంచాన్ని డోలీ కట్టి మోయాలి. రెండూ కాగితం మీద ఒకటే.

పాముకాటు చూడండి. భారత్‌లో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలు, సగటున ఏడాదికి 58,000 అని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ లెక్క ఆస్పత్రి రికార్డుల నుంచి రాలేదు. ఇళ్లకి వెళ్లి, ఈ మనిషి ఎలా పోయాడని కుటుంబాన్ని అడిగి రాబట్టారు. చాలామంది పల్లెల్లో ఇంటి దగ్గరే పోయారు. ఆస్పత్రి రిజిస్టర్లను నమ్ముకుని ఉంటే ఈ చావుల్లో చాలా భాగం జరగనట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పాముకాటుని, అందరూ పట్టించుకోకుండా వదిలేసిన జబ్బుల జాబితాలో చేర్చింది 2017లోనే.

పైగా చిన్న ఆస్పత్రికి చేరినా పని అయిపోదు. విషానికి విరుగుడు మందు ఫ్రిజ్‌లో ఉంటుంది, అయినా "పైకి రాస్తున్నాం" అంటారు, అంటే పెద్దాస్పత్రికి పంపేస్తున్నామని. ఈ పైకి రాయడం అనేది ఎంత మామూలు మాట అయిపోయిందంటే రోగి బంధువులే ముందుగా అడిగేస్తున్నారు, "ఇక్కడ చూస్తారా, పైకి రాసేస్తారా" అని. చిన్న ఆస్పత్రిలో పనిచేసే ఒక కుర్ర డాక్టర్ని దీని గురించి కొంచెం కోపంగానే అడిగాను. అతను చెప్పింది విన్నాక నా కోపం సగం దిగింది. "ఆ మందు ఎక్కించినప్పుడు కొందరికి రియాక్షన్ వచ్చి బీపీ ఢమాల్న పడిపోతుందండి, కొన్ని కాట్లకి ఊపిరి ఆగిపోతుంది, వెంటిలేటర్ కావాలి. రాత్రిపూట నేను, ఒక నర్సు. ఏదైనా అయితే ఊరంతా వచ్చి నా మీద పడతారు. పైకి రాస్తే దారిలో ఏదైనా అయినా నన్నెవరూ అడగరు" అన్నాడు. చివరి ముక్క అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

అందుకే "డాక్టర్లు పల్లెలకి రారండీ" అని మనం తేలిగ్గా తిట్టే తిట్టు నాకు ఈమధ్య రుచించడం లేదు. ఒక్కణ్ణి, ఒంటరిగా, సరంజామా లేకుండా పడేస్తే ఎవడుంటాడు? చిత్తశుద్ధితో చేసినచోట ఉంటున్నారు కూడా. జపాన్‌లో 1972లో జిచి అని ఒక మెడికల్ యూనివర్సిటీ పెట్టారు. ప్రతి జిల్లాలాంటి ప్రాంతం నుంచీ పిల్లల్ని తీసుకుని చదివిస్తారు, 9 ఏళ్లు సొంత ప్రాంతంలో, అందులో ఎక్కువ భాగం డాక్టర్లు లేనిచోట పనిచేస్తే చదువు అప్పు మాఫీ. థాయ్‌లాండ్ కూడా 1990ల నుంచి పల్లె పిల్లల్ని పల్లెల కోసమే డాక్టర్లుగా తయారుచేస్తోంది. ఎక్కడ పుట్టి పెరిగారో అక్కడికి తిరిగి వెళ్లే అవకాశం ఎక్కువని చాలా దేశాల్లో తేలిన సంగతే. మనం మాత్రం సిటీలో కోచింగ్ తీసుకున్నవాణ్ణి సిటీలోనే చదివించి, చివర్లో బాండ్ రాయించుకుని పల్లెకి తోసి, ఎప్పుడు పారిపోతాడా అని చూస్తూ కూర్చుంటాం.

డబ్బున్న దేశాల్లో ఈ గొడవ లేదనుకుంటే పొరపాటే. కెనడాలో ఉత్తరాన మంచు ప్రాంతాల్లో చాలా ఊళ్లలో గర్భిణులు నెలలు నిండకముందే విమానమెక్కి దక్షిణాది సిటీకి వెళ్లి, అయినవాళ్లకి దూరంగా వారాల తరబడి నొప్పుల కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఆస్ట్రేలియాలో 1928లోనే డాక్టర్ని విమానంలో పంపడం మొదలుపెట్టారు, ఆ ఫ్లయింగ్ డాక్టర్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు. అమెరికాలో 1997లో పల్లెటూరి చిన్న ఆస్పత్రులు మూతపడకుండా కాపాడటానికి పడకలు తక్కువగా (ఇప్పుడు 25కి మించకుండా) ఉండి, మామూలుగా ఇంకో ఆస్పత్రికి 35 మైళ్ల దూరంలో ఉంటే ప్రభుత్వ బీమా అసలు ఖర్చు లెక్కన చెల్లించేలా చట్టం చేశారు. అంటే రోగులు తక్కువ వచ్చినా పర్లేదు, అక్కడ ఉండటమే దాని పని అని ఒప్పుకున్నారు. ఫైర్ స్టేషన్‌ని రోజుకి ఎన్ని మంటలు ఆర్పావని అడగం కదా. అయినా అక్కడ కూడా పల్లె ఆస్పత్రుల్లో కాన్పుల వార్డులు మూసేస్తూనే ఉన్నారు, అది వేరే ఏడుపు.

మళ్లీ పిన్ని దగ్గరికి వస్తా.

నాకు మరీ మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. ఇంటి దగ్గరే చేసుకునే డయాలసిస్ ఒకటుంటుందని మాకు రెండేళ్ల తర్వాత, అదీ బస్సులో పక్క సీట్లో కూర్చున్నాయన చెబితే తెలిసింది. పొట్టలోకి చిన్న గొట్టం పెడతారు, దాని ద్వారా ద్రవం ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, తీసేస్తారు, రోజుకి మూడు నాలుగుసార్లు. మెషిన్ అక్కర్లేదు, నెలకోసారి డాక్టర్ని చూస్తే చాలంటారు. మామూలు సెంటర్‌లో అయితే ఒక్క సిట్టింగ్‌కి 120 లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, దానికో ఆర్వో ప్లాంటు, కరెంటు, టెక్నీషియన్, అన్నీ ఒక్కచోట కుదరాలి. ఈ పద్ధతిలో బ్యాగులు ఇంటికి చేరితే చాలు. థాయ్‌లాండ్ 2008లో తన ఉచిత పథకంలో దీన్నే మొదటి వైద్యం చేసింది, సెంటర్లకి దూరంగా ఉన్న పల్లెజనాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని. ఇందులోనూ చిక్కులున్నాయి, చెయ్యి శుభ్రంగా లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అందరికీ సరిపడదు, 2022లో థాయ్‌లాండ్ కూడా ఏది కావాలో రోగినే ఎంచుకోమంది. పిన్నికి సరిపడేదో కాదో నాకు తెలియదు. సరిపడదని చెప్పినా ఒప్పుకునేవాణ్ణి. అసలు ఆ మాటే ఎవరూ ఎత్తలేదే అని నా బాధ. పోయినసారి డాక్టర్ని అడిగాను. "అది మన దగ్గర చేయట్లేదండి, బ్యాగుల సప్లై లేదు" అన్నాడు.

ఎందుకు లేదంటే, అడిగేవాళ్లు లేరట.

ఈ మంగళవారం పిన్ని మెషిన్ మీద ఉండగా సిస్టర్‌ని బతిమాలి ఆవిడ ఫైల్ తీసుకుని చూశాను. మూడేళ్ల తేదీలు, ప్రతి దాని పక్కనా వచ్చేముందు బరువు, వెళ్లేముందు బరువు, బీపీ. గురువారాల గురించి ఒక్క ముక్క లేదు. రాసింది మూడు, వచ్చింది రెండు, రానిది ఎందుకు రాలేదు అని రాయడానికి ఆ ఫారంలో గడే లేదు. పై పేజీలో ఎర్ర సిరాతో "రెగ్యులర్" అని ఉంది. ఫైల్ చివర ఖాళీగా ఉన్న పేజీ మీద, సిస్టర్ చూడకుండా, "గురువారం రాలేదు, 70 కి.మీ." అని రాసి, కింద తేదీ వేశాను. చిన్నపిల్లాడి పనే అనుకోండి.

తిరుగు బస్సులో పిన్నికి చెబితే కళ్లు తెరవకుండానే "ఎన్ని గురువారాలు రాశావు?" అంది.

"ఒక్కటే."

"మిగతావి కూడా రాయకపోయావా" అని ఎడమచెయ్యి ఒళ్లో సర్దుకుని, కుడిచెయ్యి దాని మీద పెట్టుకుని పడుకుంది. శనివారం మళ్లీ నాలుగుంపావు బస్సు. ఈసారి పెన్ను మర్చిపోకూడదు.